యోగా చాప మీద ముస్లిం: మర్యాద ఎంత, హద్దు ఎక్కడ?

నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, షుగర్, బీపీ... ఏ బాధతో డాక్టరు దగ్గరికి వెళ్ళినా మందుల చీటీతో పాటు ఒక సలహా కూడా లభిస్తోంది: "రోజూ కాసేపు నడవండి, వీలైతే యోగా చేయండి." ఆ మాట ఇల్లు చేరగానే చర్చ మొదలవుతుంది. "అది వాళ్ళ పూజ. మనకెందుకమ్మా? ఆ గడప తొక్కొద్దు" అంటుంది దాదీ. "అది ఉత్త వ్యాయామం దాదీ, దానికీ మతానికీ సంబంధమే లేదు" అంటాడు మనవడు. నొప్పితో బాధపడే తల్లి ఎటూ తేల్చుకోలేక ఊరుకుంటుంది. పైగా యోగా నేర్పే ఆవిడ పక్కవీధిలోనే ఉంటుంది. రంజాన్‌లో ఇఫ్తార్‌కు పండ్లు పంపే మనిషి. వెళితే ఈమాన్‌కు లోటు వస్తుందేమోనని ఒక భయం. వెళ్ళకపోతే ఆమె మనసు నొచ్చుకుంటుందేమోనని మరో సంకోచం.

ప్రియ పాఠకులారా! దాదీ మాటలో కొంత నిజముంది, మనవడి మాటలోనూ కొంత నిజముంది. కానీ రెండింటిలోనూ ఒక లోపం ఉంది. ఇతరుల సంపదను అది ఏమిటో తెలుసుకోకుండానే దాదీ తోసిపుచ్చుతోంది. అది ఎవరిదో ఒప్పుకోకుండానే మనవడు తీసుకుంటున్నాడు. మర్యాద అనేది ఈ రెండింటికీ భిన్నమైనది. అది నిజం చెప్పడంతో మొదలవుతుంది.

యోగా అంటే ఏమిటి?

ముందుగా యోగాను దాని స్వంత గ్రంథం ఏమంటుందో చూద్దాం. పతంజలి యోగసూత్రాలలో సుమారు 195 సూత్రాలున్నాయి. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పేవి మూడంటే మూడే. చిత్తవృత్తులను నిలిపివేయడమే యోగమని ఆ గ్రంథం మొదట్లోనే నిర్వచిస్తుంది. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి అని ఎనిమిది అంగాలు చెబుతుంది. నియమంలో ఈశ్వర ప్రణిధానం, అంటే ఈశ్వరునికి తనను తాను అర్పించుకోవడం కూడా ఒకటి. ఈనాడు తరగతుల్లో నేర్పే అనేక ఆసనాలకు ఆధారం ఆ తర్వాత వచ్చిన హఠయోగ గ్రంథాలు. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక వాటిలో ప్రసిద్ధమైనది. ఆధునిక కాలంలో గురువులు మరెన్నో భంగిమలను చేర్చారు, మార్చారు.

కనుక "యోగా ఉత్త వ్యాయామం" అనడం సరికాదు. దాని వెనుక ఒక తత్వం, ఒక సాధన, ఒక గమ్యం ఉన్నాయి. అవి మన తౌహీద్ విశ్వాసానికి భిన్నమైనవి. అయితే ఆ మొత్తంలో నుంచి నడుం వంచడం, కాళ్ళు చాచడం, ఊపిరి నిదానంగా పీల్చి వదలడం మాత్రమే నేర్చుకునేవారూ కోట్లలో ఉన్నారు. నడుం వంచినంత మాత్రాన అది ఆరాధన అయిపోదు. కర్మలు సంకల్పాన్ని బట్టే ఉంటాయన్న ప్రవక్త (సల్లం) బోధ మనకు తెలిసిందే.

అల్‌బిరూనీ చూపిన బాట

ఇతరుల విద్య విషయంలో ముస్లిం ఎలా మెలగాలో చూపిన ఒక మహాపండితుడు మన చరిత్రలోనే ఉన్నాడు. క్రీ.శ. 973లో ఖ్వారిజ్మ్‌లో జన్మించిన అబూ రైహాన్ అల్‌బిరూనీ హిందూదేశపు విద్యలను తెలుసుకోవడానికి సంస్కృతం నేర్చుకున్నాడు. పండితుల వద్ద కూర్చుని సందేహాలు తీర్చుకున్నాడు. పతంజలి గ్రంథాన్ని ప్రశ్నోత్తరాల రూపంలో అరబీలోకి తెచ్చాడు. ఆ అనువాదం ఇస్తాంబుల్‌లో దొరికిన ప్రతి ఆధారంగా 1956లో అచ్చయింది.

క్రీ.శ. 1030 ప్రాంతంలో హిందూదేశం గురించి రాసిన తన పెద్ద గ్రంథం ముందుమాటలో ఆయన తన ఉద్దేశ్యం స్పష్టం చేశాడు. అది వాదించి ఓడించడానికి రాసిన పుస్తకం కాదనీ, హిందువులు చెప్పినదాన్ని చెప్పినట్టే పాఠకుల ముందుంచడమే తన పని అనీ పేర్కొన్నాడు. ఆయన యోగి కాలేదు, తన విశ్వాసాన్ని దాచుకోలేదు. అలాగని ఎదుటివారి మాటను వక్రీకరించనూ లేదు, ఎగతాళి చేయనూ లేదు. తన స్థానంలో తాను నిలబడి, ఎదుటివారికి వారి స్థానం ఇచ్చాడు. మనం చెప్పుకునే మర్యాద ఇదే.

కలగాపులగం గౌరవం కాదు

కొందరికి మరో ఆలోచన వస్తుంది: "మంత్రం స్థానంలో జిక్ర్ పెట్టి, 'ఇస్లామీ యోగా' అని పేరు పెడితే సరిపోదా?" ఇది కొత్తదేమీ కాదు. అమృతకుండం అనే యోగ గ్రంథం అరబీలోకి వచ్చినప్పుడు మంత్రాలకు అల్లాహ్ నామాలను సరిజోడుగా చూపారు. 16వ శతాబ్దంలో గ్వాలియర్‌కు చెందిన సూఫీ షేక్ ముహమ్మద్ గౌస్ దాన్ని "బహ్రుల్ హయాత్" పేరుతో పారశీకంలో విస్తరించాడు. చరిత్ర విద్యార్థికి ఇవి విలువైన గ్రంథాలే. కానీ మన ఇళ్ళకు ఆ దారి తగదని మేము భావిస్తున్నాం. ఎందుకంటే అందులో రెండు వైపులా అన్యాయం ఉంది. యోగాను తమ సాధనగా భావించేవారికి వారి వేరును తెంచినట్టవుతుంది. అల్లాహ్ నేర్పిన జిక్ర్‌ను మనం ఒక భంగిమకు తాళంగా మార్చినట్టవుతుంది.

"నమాజే అసలైన యోగా" అనే మాట కూడా అలాంటిదే. నమాజులో కూర్చునే తీరు వజ్రాసనాన్ని పోలి ఉండవచ్చు. కానీ నమాజ్ కీళ్ళ కోసం చేసేది కాదు. అది దాసుడు తన ప్రభువు ముందు నిలబడటం. నమాజును వ్యాయామంగా పొగిడితే దాని విలువ పెరగదు, తగ్గుతుంది. ఎవరి ధర్మం వారిదని "కాఫిరూన్" సూరా నేర్పే స్పష్టత ఇక్కడ మనకు దారి చూపుతుంది.

పండితులు ఏమన్నారు?

ఈ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. 2008 నవంబరులో మలేషియా జాతీయ ఫత్వా మండలి మంత్రోచ్చారణ, ఆరాధనాంశాలు కలిసిన యోగా ముస్లిములకు నిషిద్ధమని ప్రకటించింది. 2009 జనవరిలో ఇండోనేషియా ఉలమా మండలి మంత్రాలు, మతపరమైన ధ్యానం ఉన్నదాన్ని నిషేధించి, కేవలం శారీరక వ్యాయామంగా చేసేదాన్ని అనుమతించింది. 2017లో సౌదీ అరేబియా యోగాను ఒక క్రీడాంశంగా గుర్తించింది. మాటలు వేరైనా గీత ఒకచోటే కనిపిస్తుంది: ఆరాధన దగ్గర ఆగాలి. అసలు వద్దని దూరంగా ఉండేవారిని మూఢులనకూడదు. హద్దులు పాటించి చేసేవారిని ఈమాన్ లేనివారనకూడదు. సందేహం మిగిలితే మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడగండి.

తరగతిలో ఎలా మెలగాలి?

1. ముందే మాట్లాడండి. "అక్కా, ఆసనాలు నేర్చుకుంటాను. శ్లోకం, ఓంకారం సమయంలో మాత్రం నిశ్శబ్దంగా కూర్చుంటాను. తప్పుగా అనుకోకండి" అని మొదటిరోజే చెప్పేయండి. పెదవులు కదిపి నటించడం కన్నా ఇది మేలు. యోగశాస్త్రం చెప్పే యమాలలో సత్యం ఒకటి; మన ధర్మంలో సత్యం ఈమాన్‌కు గుర్తు. నటిస్తే ఇద్దరికీ ద్రోహమే.

2. దేనినీ వెక్కిరించకండి. దీపం వెలిగించినా, విగ్రహానికి దండం పెట్టినా ముఖం చిట్లించవద్దు. ఇంటికి వచ్చి నవ్వుకోవద్దు. అల్లాహ్‌ను కాదని ఇతరులు వేడుకునే వాటిని దూషించరాదని దివ్యఖుర్ఆన్ (6:108) మనల్ని వారించింది.

3. సూర్యనమస్కారాలను వదిలేయండి. వాటితోపాటు పలికే నామాలు సూర్యునివి, పేరులోనే నమస్కారం ఉంది. సూర్యునికీ చంద్రునికీ కాక వాటిని సృష్టించినవానికే సజ్దా చేయాలన్నది ఖుర్ఆన్ (41:37) ఆజ్ఞ. సరిగ్గా సూర్యుడు ఉదయించే క్షణంలో నమాజును సైతం ప్రవక్త (సల్లం) వారించారు. ఆ సమయంలో వేరే ఆసనం చేస్తానని టీచరును అడగండి. 2015లో తొలి అంతర్జాతీయ యోగా దినోత్సవం నాటి ఉమ్మడి కార్యక్రమంలో సైతం సూర్యనమస్కారాలను చేర్చలేదు.

4. ఆసనాలను వాటి పేర్లతోనే పిలవండి. భుజంగాసనం భుజంగాసనమే. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పుకోవడానికి సంకోచించకండి. రుసుము సకాలంలో చెల్లించండి.

5. ఫజ్ర్ నమాజ్, పరదా మర్యాద తప్పకూడదు. స్త్రీలకు స్త్రీలే నేర్పే తరగతి చూసుకోండి.

6. శరీరాన్ని గౌరవించండి. బీపీ ఎక్కువున్నవారు, గ్లాకోమా ఉన్నవారు తలకిందులు చేసే ఆసనాల జోలికి పోరాదు. గర్భిణులు డాక్టరును అడగాలి. ఆసనాలు మొదలుపెట్టామని షుగర్ మాత్రలు మానేయకూడదు. రాత్రంతా నమాజ్, రోజూ ఉపవాసం అంటూ శ్రమించిన అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)కు, నీ శరీరానికి నీపై హక్కుందని ప్రవక్త (సల్లం) గుర్తుచేశారు (బుఖారీ).

బడిలో పిల్లల సంగతి

జూన్ 21 రాగానే పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఆందోళన చెందుతారు. పిల్లవాడిని ఆ రోజు బడి మాన్పించడం పరిష్కారం కాదు. ఆరాధనాంశం ఉంటే ప్రధానోపాధ్యాయుణ్ణి ముందుగా కలిసి వినయంగా చెప్పండి. ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు పొందే విద్యాసంస్థలో సమ్మతి లేకుండా మతారాధనకు హాజరు కావాల్సిన పనిలేదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి.

పాల్గొనకపోవడం అగౌరవమా? దీనికి ఒక మంచి నిదర్శనం ఉంది. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడేవారు, కానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. బడి వారిని తొలగించింది. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పునిచ్చింది. గౌరవంగా నిలబడినవారు పాడకపోయినంత మాత్రాన అవమానించినట్టు కాదని తేల్చింది. మన పిల్లలకు నేర్పవలసిన పాఠం ఇదే: నిటారుగా నిలబడు, నోరు జారకు, నీది కానిదాన్ని నటించకు.

ఇప్పుడు మళ్ళీ ఆ ఇంటికి వద్దాం. తల్లి తరగతికి వెళ్ళవచ్చు, వెళ్ళకపోవచ్చు. వెళితే తన హద్దు చెప్పి వెళ్ళాలి. వెళ్ళకపోతే పక్కవీధి ఆవిడకు మంచి మాటతో చెప్పి, ఉదయపు నడకతో సరిపెట్టుకోవాలి. మతం విషయంలో మనతో పోరాడనివారిపట్ల మేలుగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ వారించలేదు (ఖుర్ఆన్ 60:8). ఏ దారి ఎంచుకున్నా ఈసారి ఇఫ్తార్ రోజున ఆ ఇంటికి మన పళ్ళెం కూడా వెళ్ళాలి.

తౌహీద్‌పై స్థిరత్వాన్ని, ఇరుగుపొరుగుతో సత్ప్రవర్తనను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.