మేఘాద్రి గెడ్డ చివర మల్కాపురం – ఒక పేట, నాలుగు దారులు

సాంఘిక శాస్త్రం పరీక్షలో "విశాఖపట్నం ఎలాంటి ఓడరేవు?" అని అడిగితే "సహజ ఓడరేవు" అని రాసి ఒక మార్కు తెచ్చుకొంటాము. ఆ జవాబు తప్పు కాదు గాని, అందులో సగం సంగతే ఉంది. మిగిలిన సగం తెలియాలంటే మ్యాపులో చుక్కను చూస్తే చాలదు. ఆ రేవును ఆనుకొని ఉన్న ఒక పేటను తీసుకొని, దానికి ఎక్కడెక్కడితో సంబంధం ఉందో చూడాలి. అందుకే ఈ సంచికలో మల్కాపురం గురించి రాస్తున్నాము.

ఉనికి

మల్కాపురం నేడు విశాఖ మహానగరంలో ఒక భాగం. ఒక పక్క లోపలి రేవు నీళ్లు, మరో పక్క యారాడ కొండలు. సింధియా, హిందుస్థాన్ షిప్‌యార్డ్, హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీ దీని ఇరుగుపొరుగు. ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. మేఘాద్రి గెడ్డ పడమటి వైపు నుంచి వచ్చి ఈ లోపలి రేవులో కలుస్తుంది. దారిలో దానిపై కట్టిన జలాశయం నగరానికి తాగునీరు ఇస్తోంది. రేవు కట్టక ముందు ఆ గెడ్డ చివర అంతా మంచినీరు, ఉప్పునీరు కలిసే చిత్తడి నేల. ఆటుకు మునిగి పోటుకు తేలడం కాదు, పోటుకు మునిగి ఆటుకు తేలే నేల అది. అలాంటి చోట మడచెట్లు పెరుగుతాయి. వాటి వేళ్ల మధ్యనే చేపపిల్లలు, రొయ్యపిల్లలు ఎదుగుతాయి.

సహజం ఎంత? మనుషులు చేసినది ఎంత?

సముద్రపు అలలకు అడ్డుగా డాల్ఫిన్ నోస్ కొండ నిలబడి ఉంది. అది ప్రకృతి ఇచ్చినది. కాని పెద్ద ఓడ రావాలంటే లోతు కావాలి. ఆ లోతు చిత్తడి నేలలో లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో 1920లలో పని మొదలుపెట్టి, బురద, ఇసుక తవ్వి, ఓడలు తిరిగేంత లోతు చేశారు. తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక ముఖద్వారాన్ని పూడ్చకుండా రెండు పాత ఓడలను రాళ్లతో ముంచి అడ్డుకట్టగా చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

కనుక పూర్తి జవాబు ఇది: కొండ చాటు సహజం, లోతు మనుషుల శ్రమ. గెడ్డలు ఒండ్రు తెస్తూనే ఉంటాయి, సముద్రం ఇసుక తోస్తూనే ఉంటుంది. అందువల్ల తవ్వకం నేటికీ ఆగలేదు.

మొదటి దారి – రైలు

ఒక రైల్వే కంపెనీ రేవు ఎందుకు కట్టింది? మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం విదేశాలకు వెళ్లాలి. దానికి దగ్గరి సముద్రం కావాలి. పార్వతీపురం మీదుగా విజయనగరం – రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. రెండేళ్లకు రేవు తెరిచారు. ఈ రెండూ ఒకే ఆలోచనలో భాగాలు.

తరువాత బైలదిల్లా ఇనుప ఖనిజం వచ్చింది. జపాను ఉక్కు కర్మాగారాల కోసం 1960లలో కొత్తవలస – కిరండూల్ మార్గం వేశారు. అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా 50కి పైగా సొరంగాలలోంచి ఖనిజం దిగివస్తుంది. అంతకంటె పెద్ద ఓడల కోసం బయటి రేవు 1976లో సిద్ధమైంది. బస్తర్ ఆదివాసీల కొండలోని రాయి, జపాను కొలిమికి చేరే దారిలో మన రేవు ఒక మజిలీ.

రెండవ దారి – సముద్రం

సింధియా అనే పేరు ఊరి పేరుగా పుట్టలేదు. సింధియా స్టీమ్ నావిగేషన్ అనే బొంబాయి ఓడల కంపెనీ పేరే ఆ చోటికి స్థిరపడింది. ఆ కంపెనీకి చెందిన వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. అయినా పని నిలిచిపోలేదు. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జల ఉష అనే ఓడను నీటిలోకి వదిలారు. 1952లో ప్రభుత్వం ప్రధాన వాటా తీసుకొంది. 1961లో మొత్తం తన చేతికి తీసుకొంది.

ఈ తీరం నుంచి మనుషులు కూడా కదిలారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఉత్తరాంధ్ర కూలీలు వేల సంఖ్యలో రంగూన్ వెళ్లి మిల్లుల్లో, రేవులో పనిచేశారు. 1942లో ఎందరో తిరిగి రావలసి వచ్చింది. అండమాన్‌లో నేటికీ మన తెలుగువారు స్థిరపడి ఉన్నారు.

మూడవ దారి – గొట్టం

కాల్టెక్స్ కంపెనీ 1957లో ఇక్కడ రిఫైనరీ ప్రారంభించింది. అప్పటి సామర్థ్యం ఏడాదికి 6.75 లక్షల టన్నులు. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. విస్తరణల తరువాత సామర్థ్యం 1.5 కోట్ల టన్నులకు పెరిగింది. ముడి చమురు ఓడల మీద వస్తుంది. పెట్రోలు, డీజిలు భూమిలోని గొట్టాల ద్వారా విజయవాడకు, సికింద్రాబాదుకు వెళ్తాయి. అక్కడి బంకులో బండికి పోసే ఇంధనం ఈ పేట పక్కనుంచి బయలుదేరినది కావచ్చు.

నాలుగవ దారి – మనుషులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా నుంచి కళాసీలు, వెల్డర్లు, ఫిట్టర్లు, ఇంటిపని చేసేవారు వచ్చారు. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. గాజువాక అవతల భూములిచ్చిన కుటుంబాలవారు చేతిలో ఆర్ కార్డు పట్టుకొని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

దారుల బరువు ఎవరిది?

ఇంతవరకు చెప్పినది ప్రగతి. కాని లెక్కకు రెండో పేజీ కూడా ఉంటుంది. 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున ఓడ నుంచి గ్యాసు దించుతుండగా లీకై రిఫైనరీలో భారీ పేలుడు, అగ్నిప్రమాదం జరిగాయి. సుమారు 60 మంది చనిపోయారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన 43 తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో విశాఖపట్నం ఉంది. గెడ్డలోకి ఊరి మురుగు కూడా చేరుతోంది.

ఇక్కడ ఒక సైన్సు పాఠం గుర్తుంచుకోవాలి. వంటగ్యాసు గాలికంటె బరువైనది. లీకైతే పైకి పోదు, నేలబారుగా పాకి పల్లంలో నిలుస్తుంది. అప్పుడు స్విచ్చి వేయరాదు, తీయరాదు, అగ్గిపుల్ల గీయరాదు. గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి అడ్డంగా, మెరక వైపుకు వెళ్లాలి. పల్లపు బస్తీల్లో ఎక్కువగా ఉండేది పేదలే కాబట్టి ఈ సంగతి ముందుగా తెలియవలసినదీ వారికే.

ఖనిజం బస్తర్ నుంచి, చమురు విదేశాల నుంచి, లాభం ఎక్కడెక్కడికో. పొగ, దుమ్ము, ప్రమాదం మాత్రం ఇక్కడే ఉంటాయి. అందుకని కర్మాగారాలు వద్దని మేము అనడం లేదు. మన ఇళ్లలో ఎందరో వాటి జీతంతోనే చదువుకొన్నారు. బరువు మోసేవారికి పనిలోను, రక్షణలోను, మంచినీటిలోను వాటా మొదట రావాలి అంటున్నాము. ఆ మాట అడగాలంటే లెక్క తెలియాలి. లెక్క తెలియాలంటే చదవాలి.

మిత్రులారా, మనలో చాలామంది ఇలాంటి గెడ్డ ఒడ్డు ఊళ్ల నుంచే వచ్చాము. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకొని రండి:

1. మీ ఊరి గెడ్డ ఎక్కడ పుట్టి ఎందులో కలుస్తుంది?
2. మీ ఊరి నుంచి బయటికి పోయే పంట, రాయి, కలప ఏవి? చివరికి ఎక్కడికి చేరుతున్నాయి?
3. మీ ఊరివారు పనికి ఏ ఏ ఊళ్లు వెళ్లారు? ఎందరు తిరిగి వచ్చారు?
4. ఈ రాకపోకల వల్ల లాభం ఎవరికి, కష్టం ఎవరికి?

పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు తమ ఊళ్ల గురించి ఇలాగే రాసి పంపితే, మన హాస్టల్ గోడమీద ఉత్తరాంధ్ర మ్యాపును మనమే పూర్తి చేసుకోగలము.