మీట ఇక్కడ, ఆట అక్కడ

అరచేతిలో ఇమిడే ఆటయంత్రాలను మీలో చాలామంది చూసే ఉంటారు. వాటికి తెర ఉంటుంది, మీటలు ఉంటాయి, లోపల బ్యాటరీ ఉంటుంది. పైకి బొమ్మలా కనిపించినా అది నిజానికి ఒక చిన్న కంప్యూటరు. ఇలాంటి యంత్రాలు ఎన్నో 'లినక్స్' అనే నిర్వహణ వ్యవస్థతో నడుస్తాయి. 2022లో వచ్చిన 'స్టీమ్ డెక్' వాటిలో ఒకటి. అంతకంటే చిన్నవీ, చవకైనవీ కూడా ఉన్నాయి.

ఇప్పుడొక సమస్య. మూసారాంబాగ్‌లో ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్ళు ఉన్నారనుకుందాం. వాళ్ళకున్న ఆటయంత్రం ఒక్కటే. దాన్ని తీగతో టీవీకి కలిపితే బొమ్మ పెద్దదవుతుంది గానీ, మీటలు ఒకరికే సరిపోతాయి. ఎవరో ఇచ్చిన పాత ప్లేస్టేషన్ 3 కంట్రోలర్ అటక మీద ఉంది. అది తీగ లేకుండా పనిచేసే రకం. చార్జింగ్ పెట్టి, ఎన్నిసార్లు మీట నొక్కినా తెర మీద బొమ్మ కదలలేదు. "పాడైపోయింది, పారేద్దాం" అన్నాడు అన్న. "పాడైందని నీకెలా తెలుసు?" అంది చెల్లెలు.

చెల్లెలు వేసినది సైన్సు ప్రశ్న. తీగ లేకుండా రెండు పరికరాలు కలిసి పనిచేయాలంటే వాటి మధ్య మూడు ఒప్పందాలు కుదరాలి. ఒకటి, రెండూ ఒకే రకం తరంగాలను వాడాలి. రెండు, ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. మూడు, ఒకటి చెప్పింది రెండోదానికి అర్థం కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా పరికరం పాడైనట్టే కనిపిస్తుంది. ఒక్కొక్కటే చూద్దాం.

మీట అంకె ఎలా అవుతుంది?

కంట్రోలర్ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది. అది సెకనుకు ఎన్నో సార్లు "ఏ మీట నొక్కారు?" అని తనిఖీ చేస్తుంది. నొక్కిన మీటకు 1, నొక్కని మీటకు 0 రాసుకుంటుంది. ఎనిమిది మీటల్లో ఒకటీ, నాలుగూ నొక్కితే 10010000 అని రాసుకుందనుకోండి. ఇది మీరు లెక్కల్లో చదివే ద్విసంఖ్యామానమే.

బొటనవేలితో తిప్పే జాయ్‌స్టిక్ సంగతి వేరు. దానికి నొక్కడం, నొక్కకపోవడం అనే రెండు స్థితులు చాలవు. ఎంత వంచారో కూడా తెలియాలి. అందుకని చాలా కంట్రోలర్లలో దాని కింద రెండు మారే నిరోధాలు అమర్చుతారు. పాత రేడియోలో శబ్దాన్ని పెంచి తగ్గించే మరలాంటివే అవి. వంపును బట్టి వోల్టేజి మారుతుంది. చిప్ ఆ వోల్టేజిని 0 నుంచి 255 వరకు ఒక అంకెగా మారుస్తుంది. వదిలేస్తే అంకె 128 దగ్గర నిలవాలి. నిరోధం అరిగితే అది 120 దగ్గరో, 140 దగ్గరో ఆగిపోతుంది. అప్పుడు ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీద బొమ్మ నడుస్తూ ఉంటుంది!

మొదటి ఒప్పందం: తరంగం

ఈ అంకెలు గాలిలో రేడియో తరంగాల మీద ప్రయాణం చేస్తాయి. పూర్వం దీన్నే నిస్తంత్రి వార్తాప్రసారం అనేవారు. మీ తాతగారు హైదరాబాద్ 'ఎ' రేడియో కేంద్రాన్ని మీడియం వేవ్ మీద 738 కిలోహెర్ట్జ్ దగ్గర విన్నారు. కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది కదా! లెక్క వేస్తే ఆ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. కంట్రోలర్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్. దాని తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే. అంటే మీ జేబులో పట్టే స్కేలంత. అందుకే దాని ఏరియల్ కూడా కంట్రోలర్ లోపలే ఇమిడిపోతుంది.

ఈ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తితో వాడేందుకు లైసెన్సు అక్కరలేదని మన దేశంలో 2005లో నిబంధనలు వచ్చాయి. వైఫై పెట్టెలూ ఈ పట్టీనే వాడతాయి. మైక్రోవేవ్ పొయ్యి నుంచి కొద్దిగా బయటపడే తరంగాలు కూడా ఈ పట్టీలోవే. మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ లాంటి ఇరుకు పేటల్లో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళల్లో, ఒక్క గదిలోకే ఎన్ని వైఫై పెట్టెల తరంగాలు వస్తాయో ఊహించండి. అంత రద్దీలో కంట్రోలర్ మాట ఎలా వినిపిస్తుంది?

దీనికి 'బ్లూటూత్' చేసే ఉపాయం తమాషాగా ఉంటుంది. అది 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీని 79 దారులుగా విడగొడుతుంది. కంట్రోలరూ యంత్రమూ ముందే అనుకున్న వరుసలో ఒక దారి నుంచి మరో దారికి సెకనుకు 1600 సార్లు గెంతుతాయి. ఒక దారిలో రద్దీ ఉంటే నష్టపోయేది ఒక్క ముక్కే. మరుక్షణం వేరే దారిలో ఆ ముక్కను మళ్ళీ పంపవచ్చు. 2003లో వచ్చిన మార్పుతో, వైఫై ఆక్రమించిన దారులను వదిలేసి మిగిలిన వాటిలోనే గెంతడం కూడా నేర్చింది.

ఇలా గెంతే ఆలోచన పాతదే. సినిమా నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి 1942లో అమెరికాలో ఇలాంటి పద్ధతికి పేటెంటు పొందారు. రేడియోతో నడిపే టార్పెడోను శత్రువు దారి తప్పించకుండా ఉండాలని వాళ్ళ ఉద్దేశం. పియానోకు 88 మెట్లు ఉన్నట్టే, అందులోనూ 88 పౌనఃపున్యాల మధ్య గెంతవచ్చని రాశారు.

ఒక హెచ్చరిక. 2.4 గిగాహెర్ట్జ్ అని రాసినంత మాత్రాన అది బ్లూటూత్ కానక్కరలేదు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 తీగలేని కంట్రోలర్ ఆ పట్టీలోనే తన సొంత పద్ధతి వాడుతుంది. దానికి వేరే యుఎస్‌బి రిసీవర్ కావాలి. 2013 నాటి ఎక్స్‌బాక్స్ వన్ తొలి కంట్రోలర్లకూ బ్లూటూత్ లేదు. 2016లో వచ్చిన కొత్త రూపం నుంచే అది చేరింది. పాత సరుకు దుకాణంలో డబ్బు ఇచ్చేముందు ఈ తేడా గుర్తుంచుకోండి. అలాగే కొన్ని చవక ఆటయంత్రాల్లో బ్లూటూత్ ఉండదు. వాటికి చిన్న బ్లూటూత్ ముక్కను యుఎస్‌బి రంధ్రంలో పెట్టాలి.

రెండో ఒప్పందం: పరిచయం

ప్రతి బ్లూటూత్ పరికరానికీ 48 బిట్ల చిరునామా ఉంటుంది. రెండును 48 సార్లు గుణిస్తే సుమారు 281 లక్షల కోట్లు వస్తుంది. అన్ని చిరునామాలు సాధ్యం! మొదటిసారి కలిసినప్పుడు రెండు పరికరాలూ చిరునామాలు ఇచ్చిపుచ్చుకుని, సాధారణంగా ఒక రహస్య సంఖ్యను కూడా దాచుకుంటాయి. దీన్ని జతకట్టడం అంటారు. పక్కింటి కంట్రోలర్ మీ ఆటలో దూరకుండా కాపాడేది ఈ పరిచయమే.

పరిచయానికి ఒక్కొక్క కంట్రోలర్‌ది ఒక్కొక్క తీరు. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్‌లో 'షేర్' మీటనూ, మధ్యనున్న పీఎస్ మీటనూ కలిపి దీపం మిణుకుమనేదాకా నొక్కి ఉంచాలి. నింటెండో వీ రిమోట్‌లో 1, 2 మీటలు కలిపి నొక్కాలి. ప్లేస్టేషన్ 3 కంట్రోలర్ మరీ విచిత్రం. అది గాలిలో పరిచయం చేసుకోదు. ముందు ఒకసారి యుఎస్‌బి తీగతో కలపాలి. అప్పుడు యంత్రం తన చిరునామాను దాని చెవిలో చెబుతుంది. తీగ పీకి పీఎస్ మీట నొక్కితే ఆ చిరునామానే పిలుస్తుంది. లినక్స్‌లోని 'బ్లూజెడ్' అనే బ్లూటూత్ ప్రోగ్రాముకు ఈ పద్ధతి తెలుసు.

మన అన్నాచెల్లెళ్ళ కథలో చిక్కు ఇదే. కంట్రోలర్ పాడవలేదు. అది ఇంకా తన పాత యజమాని ఇంట్లోని ప్లేస్టేషన్‌నే పిలుస్తోంది! తీగతో ఒక్కసారి కలిపితే అది కొత్త ఇంటి చిరునామా నేర్చుకుంటుంది.

మూడో ఒప్పందం: భాష

పరిచయమైతే సరిపోతుందా? చాలదు. తెలుగువాడూ ఫ్రెంచివాడూ చేతులు కలిపినంత మాత్రాన మాటలు కలుస్తాయా? మధ్యలో దుబాసీ కావాలి. కంప్యూటరులో ఆ పని చేసే ప్రోగ్రామును 'డ్రైవర్' అంటారు. ఒక కంట్రోలర్ పంపే అంకెల్లో మీటలు మూడో చోట ఉంటే, ఇంకొకదానిలో ఐదో చోట ఉంటాయి. ఏ చోట ఏముందో తెలిసింది డ్రైవర్‌కే.

ఇంకో గందరగోళం కూడా ఉంది. నింటెండో కంట్రోలర్‌లో 'ఎ' మీట కుడివైపు ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో అదే 'ఎ' కింద ఉంటుంది. ప్లేస్టేషన్‌లో అక్షరాలే లేవు, గుర్తులున్నాయి. అయితే 'ఎ' నొక్కమంటే ఏది నొక్కాలి?

మూసారాంబాగ్ పేరు చూడండి. నిజాం అలీఖాన్ సైన్యంలో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని పేరు రేమాఁ. ఫ్రెంచిలో 'మొస్యూ' అంటే 'శ్రీ' అని అర్థం. 'మొస్యూ రేమాఁ' ముస్లింల నోట 'మూసా రహీం' అయ్యాడు, హిందువుల నోట 'మూసా రాం' అయ్యాడు. పిలుపులు మూడు, మనిషి ఒక్కడే. ఆ పక్కనే గుట్టమీద ఉన్న సమాధి మాత్రం చోటు మారలేదు.

లినక్స్ కూడా పిలుపును వదిలేసి చోటును పట్టుకుంది. కుడివైపున్న నాలుగు మీటలకు అది తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని పేర్లు పెట్టింది. నింటెండో 'ఎ' దానికి తూర్పు మీట. ఎక్స్‌బాక్స్ 'ఎ' దక్షిణ మీట. ఇక తికమక లేదు.

ఈ దుబాసీలను రాసేది ఎవరు? లినక్స్‌ను ఫిన్‌లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టాడు. దాని ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, సరిదిద్దవచ్చు. 2011లో లినక్స్‌లో చేరిన వీ రిమోట్ డ్రైవర్ తయారీ సంస్థ ఇచ్చింది కాదు. మీట నొక్కుతూ, ఏ అంకె మారుతోందో గమనిస్తూ ఔత్సాహికులు ఆ భాషను విప్పారు. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌కు మాత్రం సోనీ సంస్థే 2021లో డ్రైవర్ అందించింది. హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్ తెరను తెలుగులో చూపగలగడానికీ కారణం ఈ బాహాటమే. తలుపు తెరిచి ఉంటే, తయారీదారు మరిచిపోయిన పాత వస్తువుకు కూడా ఎవరో ఒకరు మాట నేర్పుతారు.

చేసి చూడండి

తీగ లేకపోతే ఆలస్యమవుతుందని ఆటగాళ్ళు ఫిర్యాదు చేస్తారు. ముందు మన ఆలస్యం ఎంతో కొలుద్దాం. స్నేహితుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలు నిలువుగా పట్టుకోమనండి. సున్నా గుర్తు దగ్గర మీ రెండు వేళ్ళూ తాకకుండా ఉంచండి. అతను చెప్పకుండా వదలాలి, మీరు పట్టుకోవాలి. 10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం 0.14 సెకను. 15 దగ్గరయితే 0.17, 20 దగ్గరయితే 0.20, 25 దగ్గరయితే 0.23 సెకను. స్వేచ్ఛాపతన సూత్రం నుంచి ఈ అంకెలను మీరే రాబట్టవచ్చు.

బ్లూటూత్ ఒక గెంతుకు పట్టేది 0.000625 సెకను. సెకనుకు 60 బొమ్మలు చూపే తెర మీద ఒక్క బొమ్మ నిలిచే కాలంలో సుమారు 26 గెంతులు పూర్తవుతాయి. కాబట్టి ఆలస్యమని అనిపిస్తే నేరం గాలిదే అనుకోకండి. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి కూడా సమయం తీసుకుంటుంది. అమరికల్లో 'గేమ్ మోడ్' ఉంటే పెట్టి చూడండి. కంట్రోలర్‌కూ యంత్రానికీ మధ్య మీరే అడ్డుగా కూర్చోకండి. మన ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది.

కంట్రోలర్ పలకకపోతే ఈ వరుసలో వెతకండి: బ్యాటరీ ఉందా? ఇది బ్లూటూత్ రకమేనా? జత కట్టిందా? జత కట్టినా బొమ్మ కదలకపోతే డ్రైవర్ ఉందా? లినక్స్‌లో 'జెఎస్‌టెస్ట్' అనే చిన్న ప్రోగ్రాము మీట నొక్కినప్పుడల్లా మారే అంకెలను చూపిస్తుంది. అంకెలు మారుతున్నాయంటే మూడు ఒప్పందాలూ కుదిరినట్టే. ఇక తప్పు ఆటలోని అమరికలో ఉంది.

ప్రశ్నలు

1. ఒక వైఫై పెట్టె 79 దారుల్లో 20 దారులను ఆక్రమిస్తే బ్లూటూత్‌కు ఎన్ని మిగులుతాయి? అలాంటివి వేర్వేరు చోట్ల మూడు ఉంటే?

2. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఎంత?

3. జాయ్‌స్టిక్ వదిలేసినా అంకె 140 చూపిస్తోంది. 110 నుంచి 146 వరకు వచ్చే అంకెలన్నిటినీ 'కదలిక లేదు' అని భావించమని యంత్రానికి చెబితే లాభమేమిటి? నష్టమేమిటి?