చిన్న వీడియోలతో ఇంగ్లీషు గ్రామర్ నేర్చుకోవడం ఎలా?

మనలో చాలామందిమి పదో తరగతి వరకు తెలుగు మీడియంలోనే చదివాం. లెక్కలు, జనరల్ నాలెడ్జిలో ముందుండి కూడా ఎస్.ఎస్.సి., బ్యాంకు పరీక్షల్లో ఇంగ్లీషు విభాగం దగ్గర వెనకబడుతున్నాం. ఇంటర్వ్యూలో జవాబు తెలిసినా నోరు మెదపలేకపోతున్నాం. ఇంట్లో అడుగుదామంటే చెప్పేవారు లేరు, కోచింగ్‌కు డబ్బు లేదు. ఇలాంటి మనకు ఫోన్‌లో వచ్చే చిన్న వీడియోలు ఒక ఆసరా. 2020లో మన దేశంలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ మొదలయ్యాక అర నిమిషంలో ఒక సూత్రం చెప్పే పాఠాలు తెలుగులోనూ దొరుకుతున్నాయి.

అయితే చూసినంత మాత్రాన వస్తుందా? ఒక ఉదాహరణ చూద్దాం.

తెలుగులో "సోమవారం నుంచి", "రెండేళ్ళ నుంచి" అని రెండుచోట్లా 'నుంచి' అనే అంటాం. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే 'సిన్స్', గడిచిన కాలం చెబితే 'ఫర్' వాడాలి. మనమేమో తెలుగు వాక్యాన్ని మాటకు మాట మార్చి "ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అంటాం. సరైన వాక్యం "ఐ హావ్ బీన్ స్టేయింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్". అంటే తప్పు రెండుచోట్ల ఉంది. సిన్స్, ఫర్ తేడా చెప్పే అర నిమిషం వీడియోలో క్రియ సంగతికి చోటు చాలదు. ఆ మిగిలిన సగం మనమే నేర్చుకోవాలి.

అందుకు ఈ పద్ధతి పాటిద్దాం:

1. వారానికి ఒకే అంశం, రోజుకు ఒకటి రెండు వీడియోలు చాలు.

2. ప్రశ్న రాగానే వీడియో ఆపి, ముందు మన జవాబు రాసుకోవాలి.

3. మెస్, స్టడీ అవర్, సెలవులు వంటి మన సంగతుల మీద అదే సూత్రంతో ఐదు సొంత వాక్యాలు రాయాలి.

4. మర్నాడు వీడియో చూడకుండా గదిలోని మిత్రుడికి ఆ పాఠం చెప్పాలి. ఫోన్ లేనివారికీ చదువు అందుతుంది, మనకూ గట్టిపడుతుంది.

5. వీడియోలో చెప్పిందల్లా నిజం కాదు. 'ప్రీపోన్' అనే మాటే లేదని కొందరు చెబుతారు. కానీ అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. మాట మీద అనుమానం వస్తే నిఘంటువు, సూత్రం మీద వస్తే రెన్ అండ్ మార్టిన్ తీసి చూడాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక వీడియో అయిపోయాక వేలితో జరిపితే చాలు, మరొకటి వస్తుంది. వాక్యం మాత్రం మనం రాస్తేనే వస్తుంది. ఈ రాత్రి స్టడీ అవర్‌లోనే ఐదు వాక్యాలతో మొదలుపెడదాం.