చివరి సెకన్లో బిడ్ వేసే సర్వీసులు: మీ ఈబే పాస్‌వర్డ్ ఇవ్వొచ్చా?

ఈబేలో పాత ఫోన్లు, కెమెరా లెన్సులు వెతికేవాళ్ళకి స్నైపింగ్ తెలిసే ఉంటుంది. వేలం ఇంకో ఐదారు సెకన్లలో ముగుస్తుందనగా బిడ్ వేసి వస్తువు తన్నుకుపోవడం. ఆ పని మన తరఫున చేసిపెట్టేవే ఈస్నైప్, గిక్సెన్ లాంటి సర్వీసులు. ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది కాబట్టి మనం వెళ్ళేది అమెరికా సైట్‌కే. అక్కడి సాయంత్రం వేలాలు మనకి తెల్లవారుజామునో, పొద్దున్నో ముగుస్తాయి. గూడెం కొత్తవీధిలో వచ్చిపోయే సిగ్నల్ మీద ఆ చివరి సెకన్లలో బిడ్ కొట్టడం నా వల్ల కాదు. ఎక్కడో ఉన్న సర్వర్ అయితే టైముకి కొట్టేస్తుంది. అందుకే ఆశ పుడుతుంది.

కానీ ఆటోమేటిక్ బిడ్డింగ్ ఈబేలోనే ఉంది. ధర 40 డాలర్లు ఉంది, మీరు గరిష్ఠం 60 పెట్టారు, ఇంకొకరి గరిష్ఠం 52 అనుకోండి. ఈబే మీ తరఫున పెంచుకుంటూ వెళ్ళి 53 దగ్గర ఆగుతుంది. 60 కట్టక్కర్లేదు. మరి స్నైపర్ దేనికంటే, మీరు ముందే వేస్తే అవతలివాడు పంతానికి పోయి 58, 65 అంటాడు. చివర్లో వేస్తే వాడికి ఆ టైమ్ ఉండదు.

మన బాలాపూర్ లడ్డూ పాటలో ఇది కుదరదు. ‘ఒకటోసారి, రెండోసారి’ అంటుండగా ఎవరైనా పెంచితే పాట మళ్ళీ సాగుతుంది. అమెజాన్ అప్పట్లో నడిపిన వేలాలూ అంతే, చివర్లో బిడ్ పడితే గడువు 10 నిమిషాలు పెరిగేది. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ ఈ రెండు సైట్లనీ పోల్చి, చివరి నిమిషం బిడ్లు ఈబేలోనే చాలా ఎక్కువని 2002లో చూపించారు. అంటే స్నైపర్లకి బతుకునిచ్చింది ఈబే పెట్టుకున్న గడువు రూలే.

అలాగని బాట్లంటే ఈబేకి ప్రేమేం లేదు. బిడ్డర్స్ ఎడ్జ్ అనే సైట్ చాలా వేలం సైట్ల లిస్టింగులు ఒకేచోట చూపించేది. దాని బాట్లు రోజుకి సుమారు లక్షసార్లు ఈబే సర్వర్లని తట్టేవి. ఈబే కోర్టుకెళ్ళింది. 2000 మే 24న కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి రొనాల్డ్ వైట్ వాటిని ఆపమన్నారు. ఒకరి ఆస్తిని అనుమతి లేకుండా వాడుకోవడం అనే పాత చట్టాన్నే సర్వర్లకీ వర్తింపజేశారు. నాకు అర్థమైనంతలో తేడా ఇదీ: స్నైపర్ కొనేవాణ్ణి ఈబేకి తెస్తుంది, బిడ్డర్స్ ఎడ్జ్ చూసేవాణ్ణి తన దగ్గరే ఉంచుకుంది.

ఇప్పటికీ చివర్లో బిడ్ వేయడం తప్పు కాదనే ఈబే అంటుంది. అనుమతి లేని ఆటోమేటెడ్ టూల్స్ మాత్రం యూజర్ అగ్రిమెంట్ ప్రకారం నిషిద్ధం. పైగా స్నైపర్ మీ పేరుతో బిడ్ వేయాలంటే దానికి మీ లాగిన్ కావాలి. అది పొరపాటున ఎక్కువకి పాడినా డబ్బు కట్టాల్సింది మీరే. రెండు మూడు డాలర్లు మిగులుతాయని అకౌంట్ తాళం అప్పగించడం నాకు గిట్టుబాటుగా కనిపించదు. షిప్పింగ్, కస్టమ్స్ లెక్కేసి, సిగ్నల్ ఉన్నప్పుడే గరిష్ఠం పెట్టి పడుకుంటాను.

ఇప్పటికే ఏ సర్వీసుకైనా లాగిన్ ఇచ్చి ఉంటే, ముందు అందులో పెండింగ్ స్నైపులు రద్దు చేయండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి.