మేనత్తను ఏమని తలుచుకోవాలి?

సమస్య

మా మేనత్త ఈమధ్యే టెక్సాస్‌లో పోయింది. బ్యాంకులో రైతులకి అప్పులిచ్చే విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక రాంచ్ కొని ఆవుల్ని పెంచింది. అన్నదమ్ముల పిల్లల్నందరినీ కడుపున పుట్టినవాళ్లలా చూసుకుంది. సంస్మరణ సభలో చదవడానికి ఆమె గురించి నన్ను రాయమన్నారు. మా బాబాయి మాత్రం ‘ఆదర్శ గృహిణి, అనురాగమూర్తి అని రాయి, చాలు. ఇలాంటప్పుడు ఉద్యోగాల గొప్పలెందుకు? ఆవుల సంగతి అసలే వద్దు, అవి చివరికి ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు’ అంటున్నారు. అత్తయ్య ప్రాణం పెట్టి చేసిన పనులు తీసేశాక ఇంక రాయడానికేముంది? పెద్దాయన మాట కాదనడం తప్పా?

– ఒక మేనకోడలు, టెక్సాస్

సలహా

తప్పు కాదమ్మా. మీ బాబాయిగారు చెప్పిన రెండు మాటలూ నిజాలే కావచ్చు, కానీ ఏ ఇంటి ఆడమనిషి పోయినా అవే రాస్తారు. మీ అత్తయ్యని ఇంకొకరి నుంచి వేరుగా చూపించేది ఆమె పని. అదీగాక, ఆమె ఎంచుకున్న రెండు రంగాల్లోనూ అమెరికా ఆడవాళ్లు చాలాకాలం లెక్కలోకి రాలేదు. 1974లో సమాన రుణ అవకాశాల చట్టం వచ్చేదాకా, సొంత సంపాదన ఉన్న ఇల్లాలు అప్పుకి వెళ్లినా భర్త సంతకం తెమ్మనడం బ్యాంకుల్లో మామూలు. వ్యవసాయ గణనలో రైతు ఆడా మగా అని అడగడం 1978లోగానీ మొదలవలేదు. ఆ తర్వాత కూడా 2002 దాకా కమతానికి ఒక్క రైతు వివరాలే రాసుకునేవారు. దంపతులిద్దరూ చెమటోడ్చినా కాగితం మీద సాధారణంగా ఆయనే రైతు. ఇప్పుడు ఒక్కో కమతంలో నలుగురి వివరాలదాకా తీసుకుంటున్నారు. 2022 గణనలో రైతుల్లో 36 శాతం స్త్రీలు. ఇంత ఆలస్యంగా కాగితమెక్కిన పనిని ఇంటివాళ్లే చెరిపేస్తే ఎలా?

పని గురించి చెబితే ప్రేమ చిన్నబోతుందనేది మీ బాబాయిగారి భయమేమో. మీ టెక్సాస్‌లోనే హెన్రియెటా కింగ్‌ని చూడండి. 1885లో భర్త పోయినప్పుడు ఆమె చేతికి లక్షల ఎకరాల రాంచ్‌తో పాటు ఐదు లక్షల డాలర్ల అప్పూ వచ్చింది. నిర్వహణ అల్లుడు రాబర్ట్ క్లేబర్గ్‌కి అప్పగించి, యజమానురాలిగా తనే ఉండి, అప్పు తీర్చింది. రైలు మార్గానికీ కింగ్స్‌విల్ ఊరికీ భూమి ఇచ్చింది. 1925లో ఆమె అంత్యక్రియలకి రాంచ్ వాతగుర్తు వేసిన గుర్రాల మీద 200 మంది పశువుల కాపరులు వచ్చారు. ఒక్కొక్కరూ గుర్రం మీదే సమాధి చుట్టూ ఒకసారి తిరిగారు. ఆ వీడ్కోలు పని వల్ల వచ్చిన బంధుత్వానిది. వర్జీనియాలో, బట్టలుతికి బతికిన తల్లి కూతురు మ్యాగీ వాకర్ 1903లో రిచ్‌మండ్‌లో సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు పెట్టి, నల్లజాతి కుటుంబాల చిల్లర పొదుపుని ఇళ్లు కొనుక్కునే అప్పులుగా మార్చింది. ఇందులో బ్యాంకు ఎంత, కుటుంబం ఎంత అని ఎవరు విడదీయగలరు?

గొప్పలు వద్దన్న మాట సబబైనదే. అందుకని హోదాలు, ఆస్తి విలువలు వదిలేసి, చేసిన పని రాయండి. ఆవుల సంగతి ఇంత తేలిగ్గా తేలదు. టెక్సాస్ రాంచ్‌ల్లో పెంచే దూడల్లో ఎక్కువ భాగం అమ్ముడుపోయి మాంసానికే వెళతాయి. అది మీ ఇంట్లో కొందరి మనసుకి కష్టంగా ఉంటుంది, వాళ్ల నమ్మకాన్ని తేలిక చేయకండి. అమ్మకాల గురించి సభలో చదవనక్కర్లేదు. కానీ ఆమె పశువుల్ని పెంచిందన్న మాటే దాచేస్తే, ఆమె ఎన్నడూ సిగ్గుపడని పనికి ఆమె తరఫున మీరు సిగ్గుపడినట్టవుతుంది. ఆ అధికారం బాబాయిగారికీ లేదు, మీకూ లేదు.

ఆమెతో పనిచేసిన ఉద్యోగిని, ఆమె దగ్గర అప్పు తీసుకున్న రైతుని, రాంచ్‌లో పనికి వచ్చినవాళ్లని అడిగి రాయండి. సభకి ముందే బాబాయిగారికి చదివి వినిపించండి. ‘అనురాగమూర్తి’ అన్న ఆయన మాటతోనే మొదలుపెట్టినా నష్టం లేదు. ఇంకో సంగతి. టెక్సాస్‌లో పశువుల వాతగుర్తు కౌంటీ క్లర్క్ దగ్గర నమోదవుతుంది, పదేళ్లకోసారి మళ్లీ నమోదు చేయించుకోవాలి. కిందటి విడత 2021లో మొదలైంది. అత్తయ్య పేరున గుర్తు ఉందేమో కనుక్కోండి. ఉంటే వారసుల పేరుకి మార్పించి, 2031లో మర్చిపోకుండా నమోదు చేయించండి.