గ్లాసు కొలత, కిలో లెక్క

పసుపు అమ్మేటప్పుడు కాటా ముల్లు మీది నుంచి కన్ను తీయని మన ఏర్గట్ల రైతులు, వంటింట్లో మాత్రం గ్లాసును, చెంచాను నమ్ముకుంటారు. ఇంటి కూరకు అది చాలు. కోవా, నెయ్యి చేసి అమ్మదలచినవారికి చాలదు.

ఒకే గ్లాసులో పట్టే సరుకులన్నీ ఒకే బరువు తూగవు. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా నీళ్ళు 200 గ్రాములు. పాలు 206 గ్రాములు. కరిగిన నెయ్యి సుమారు 182, చక్కెర 170, బియ్యం 160 గ్రాములు. గోధుమపిండి జల్లించి వదులుగా పోస్తే 105, అదిమితే ఇంకా ఎక్కువ. కావున పిండిని కొలవడం కంటె తూచడమే మేలు. 5 మిల్లీలీటర్ల చెంచాడు పసుపు సుమారు 3 గ్రాములైతే, అదే చెంచాడు ఉప్పు 6 గ్రాములు!

ఇళ్ళలో గ్లాసులన్నీ ఒక్క తీరుగా ఉండవు. మీ గ్లాసును ఖాళీగా ఒకసారి, నీళ్ళు నింపి ఒకసారి తూచండి. తేడా ఎన్ని గ్రాములో గ్లాసు అన్ని మిల్లీలీటర్లు.

కోవా సంగతి చూద్దాం. లీటరు బర్రె పాలకు సుమారు 200 గ్రాముల కోవా దిగుతుంది. దానికి 60 గ్రాముల చక్కెర సరిపోతుంది. అంటే పై గ్లాసులో మూడో వంతు కంటె కాస్త ఎక్కువ. "ఐదు గ్లాసుల పాలకు గ్లాసు చక్కెర" అని నోటిలెక్కతో పోస్తే 170 గ్రాములు పడుతుంది. ఒకసారి తిన్నవాడు మళ్ళీ అడగడు.

నెయ్యి లీటరు సుమారు 910 గ్రాములే. కిలో ధర తీసుకొని లీటరు కొలిచి ఇస్తే కొన్నవారికి 90 గ్రాములు తక్కువ. లీటరు ధరకు కిలో తూచి ఇస్తే మనకే నష్టం. బేరం దేని మీదనో ముందే చెప్పుకోవాలి.

ఇక పాలచీటీ. వెన్న శాతం బరువును బట్టి కట్టేది. లాక్టోమీటరు 30 చూపితే లీటరు పాలు 1.030 కిలోలు. 6 శాతం వెన్న గల 10 లీటర్లు పోశారనుకోండి. అవి 10.3 కిలోలు, అందులో వెన్న 618 గ్రాములు. 10 లీటర్లనే 10 కిలోలుగా రాస్తే 600 గ్రాములే లెక్కకు వస్తుంది. రోజుకు 18 గ్రాములు. 30 రోజులకు 540 గ్రాముల వెన్న.

తిరగేసినా తప్పే. కాటా మీద తూచిన పాలను మళ్ళీ 1.03తో హెచ్చవేస్తే సంఘం నష్టపోతుంది. కొలపాత్రతో పోసే చోట నురుగు అణగనివ్వాలి. నురుగు చోటు తింటుంది గాని తూగదు. రేపు పాలు పోయగానే చీటీ మీద అంకె పక్కన "లీ." ఉన్నదో "కి." ఉన్నదో చూడండి. ఏదీ లేకుంటే కార్యదర్శిగారిని అడిగి అక్కడే రాయించుకోండి.