పురుషులలో హార్మోను కొరత - వైద్యుని ఎప్పుడు చూడవలెను?

చీపురుపల్లి ప్రాంతమున వరి, మొక్కజొన్న, గోగు పండించు రైతు తన ఎద్దు మేత మానినచో వెంటనే పశువైద్యునికి చూపించును. కాని తన దేహమున సత్తువ తగ్గినదని, దాంపత్యమున కోరిక సన్నగిల్లినదని తోచినప్పుడు మాత్రము ఎవరితోను చెప్పుకొనడు. సంతలో సీసాలు పరచి కూర్చున్నవానికి రహస్యముగా డబ్బిచ్చి వచ్చును. ఈ మౌనము వలన నష్టము రెండు విధములు. కష్టార్జితము పోవును, లోపల అసలు వ్యాధి ఏదైన ఉన్నచో అది ముదురును. కావున ఈ విషయమును సిగ్గుపడక తెలిసికొనుట మేలు.

హార్మోను చేయు పని

పురుషుని వృషణములు శుక్రకణములను తయారుచేయును. టెస్టోస్టిరాన్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. యుక్తవయస్సున మీసము మొలచుట, గొంతు మారుట, కండలు, ఎముకలు గట్టిపడుట దీనివలననే. వృషణములకు ఆజ్ఞ నిచ్చునది మెదడు అడుగున నున్న పీయూష గ్రంథి. పొలమునకు నీరు అందవలెనన్న చెరువులో నీరుండవలెను, తూము తెరువవలెను. అట్లే ఈ రెండింటిలో ఎక్కడ లోపము కలిగినను హార్మోను తగ్గును.

1935లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు దీనిని ఆబోతుల వృషణముల నుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున బ్యూటెనాంట్, రుజిచ్కా అను శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గములను కనుగొనిరి. 1939 రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము వారిరువురకు లభించినది.

లక్షణములు, కారణములు

కోరిక తగ్గుట, తెల్లవారుజామున సహజముగా కలుగు అంగస్తంభనము లేకపోవుట, గడ్డము, ఒంటి వెండ్రుకలు పలుచబడుట, రొమ్ములు పెరుగుట, వృషణములు చిన్నవగుట, సంతానము కలుగకపోవుట, చిన్న దెబ్బకే ఎముకలు విరుగుట - ఇవి ముఖ్య లక్షణములు. అలసట ఒక్కటే ఉన్నచో హార్మోను కొరత అని నిశ్చయింపరాదు. రక్తహీనత, మధుమేహము, క్షయ, థైరాయిడ్ లోపము, నిద్రలేమి, మనోవ్యాకులత కూడ అలసటను కలిగించును.

పెద్దవయస్సున గవదబిళ్ళలు వచ్చి వృషణములకు వాపు తగులుట, దెబ్బ తగులుట, పుట్టుకతో వృషణములు సంచిలోనికి దిగకుండుట, పీయూష గ్రంథిలో కంతి - ఇవి కొన్ని కారణములు. స్థూలకాయము, మధుమేహము, అతిగా మద్యపానము కూడ దీనిని తగ్గించును. ఉద్దానమున పలువురను బాధించుచున్న దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వంటివి కూడ దీనికి దారితీయగలవు. వయస్సుతో హార్మోను మెల్లగా తగ్గుట సహజము. ముసలితనమంతయు రోగము కాదు.

పరీక్ష, చికిత్స

ఈ హార్మోను ఉదయమున హెచ్చుగా నుండి సాయంకాలమునకు తగ్గును. అందుచేత ఉదయము 10 గంటల లోపల, పరగడుపున రక్తము ఇయ్యవలెను. తక్కువ అని తేలినచో మరియొకనాడు తిరిగి పరీక్షింపవలెను. డెసిలీటరు రక్తమునకు సుమారు 300 నానోగ్రాములకు లోపల ఉండి, లక్షణములు కూడ ఉన్నప్పుడే వైద్యులు కొరతగా సాధారణముగా భావింతురు. జ్వరము వంటి జబ్బుతో ఉన్నప్పుడు చేసిన పరీక్ష నమ్మదగినది కాదు.

బరువు తగ్గుట, మద్యము మానుట, చక్కెరను అదుపులో నుంచుట వలననే కొందరికి గుణము కనిపించును. నిజమైన కొరత ఉన్నవారికి వైద్యుడు హార్మోనును ఇంజక్షనుగా గాని, పూతమందుగా గాని ఇచ్చును. కాని జాగ్రత్త! బయటినుండి హార్మోను ఎక్కించినచో శుక్రకణముల ఉత్పత్తి అణగిపోవును. సంతానము కోరువారు ఈ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. కండలు పెంచుటకై యువకులు వేయించుకొను ఇంజక్షనులు కూడ ఇట్టి కీడునే చేయును. ప్రోస్టేటు క్యాన్సరు ఉన్నవారికి ఈ మందు సాధారణముగా ఈయరు.

ధాతువు పోయి బలహీనత వచ్చునను భయమునకు ఆధారము లేదు. నిద్రలో వీర్యస్ఖలనము సహజము. లైంగిక శక్తిని పెంచు మందులని ప్రకటించుటను 1954 నాటి కేంద్ర చట్టము నిషేధించినది.

ఆలస్యము చేయరాని సందర్భములు

1. 14 ఏండ్లు నిండినను బాలునిలో యుక్తవయస్సు చిహ్నములు కనబడనప్పుడు.
2. 6 నెలల శిశువునకు వృషణము సంచిలోనికి దిగనప్పుడు.
3. తలనొప్పితో పాటు చూపు మందగించినప్పుడు.
4. ఏడాది కాపురము చేసినను గర్భము నిలువనప్పుడు.
5. వృషణమున హఠాత్తుగా తీవ్రమైన నొప్పి పుట్టినప్పుడు. ఇది గంటలలో చూపవలసినది, తెల్లవారువరకు ఆగరాదు.

మొదట సమీపమున నున్న ప్రభుత్వ వైద్యునికి చూపించి, ఆయన సూచించినచో విజయనగరము గాని, విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రికి గాని వెళ్ళవచ్చును. వాడుచున్న మందులన్నియు, సంతలో కొన్నవి సైతము, వైద్యునికి చూపవలెను.

కడపట ఒక మాట. పిల్లలు లేని ఇంట నింద కోడలిమీదనే పడుట మన గ్రామములలో తరచు చూచుచున్నాము. లోపము పురుషునియందును ఉండవచ్చును. కావున దంపతులిరువురును కలిసి పరీక్షకు వెళ్ళవలెను. వైద్యుని ముందు నోరు విప్పుట మగతనమునకు లోటు కాదు. అది సంసారమును నిలుపుకొను వివేకము.